‘మృతి’కి ముందు ఏముంది?

కడప పల్లెల్లో ‘సావు’ అంటారు. పత్రికలో అదే ‘మృతి’ అని అచ్చవుతుంది. కర్నూలులో ఉర్దూ మాట్లాడే ఇళ్లలో ‘మర్నా’. మొదటిది ద్రావిడ మాట. తమిళ ‘సా’, కన్నడ ‘సాయు’ దాని తోబుట్టువులు. తక్కిన రెండూ మరో వేరునుంచి మొలిచాయి.

సంస్కృత ‘మృత’, లాటిన్ ‘మోర్స్’, లిథువేనియన్ ‘మిర్తి’, ఇంగ్లీషు ‘మర్డర్’ పక్కపక్కన పెట్టి, ఏ భాషలో ఏ ధ్వని ఎలా మారిందో లెక్కగట్టి, భాషాశాస్త్రజ్ఞులు ‘*మెర్’ అనే ఇండో-యూరోపియన్ ధాతువును పునర్నిర్మించారు. అది ఎక్కడా రాతలో దొరకలేదు కాబట్టే ముందు ఆ చుక్క గుర్తు. గ్రీకు ‘అంబ్రోతోస్’, మన ‘అమృత’ ధ్వనికి ధ్వని సరిపోతాయి. రెండింటికీ అర్థం చావులేనిదనే.

ఈ ధాతువు సంతానం సీమ రాళ్లకెక్కి రెండువేల రెండువందల ఏళ్లు దాటింది. కర్నూలు జిల్లా జొన్నగిరి దగ్గర ఎర్రగుడి బండలమీద అశోకుడి శాసనాలు 1929లో వెలుగుచూశాయి. కళింగ యుద్ధాన్ని చెప్పేది పదమూడో శాసనం: లక్షన్నర మందిని తరలించుకుపోయారు, లక్షమంది హతులయ్యారు, అంతకు ఎన్నోరెట్లు చనిపోయారు. కత్తికి బలైనవాళ్లకు ‘హత’, తక్కినవాళ్లకు ‘మత’ లేక ‘మట’. ‘మృత’ ప్రాకృతంలో అరిగిన రూపమిది. యుద్ధం వెంట వచ్చిన చావులను విడిగా లెక్కవేసిన ఆ వాక్యం ఎప్పుడు చదివినా గుండె బరువెక్కుతుంది.

ఉర్దూ ‘మౌత్’ను మాత్రం ఈ చుట్టరికంలో కలపకూడదు. అది అరబ్బీ మాట, సెమిటిక్ కుటుంబానిది. పోలిక యాదృచ్ఛికం. చెవికి ఒకేలా వినబడితే చాలదు, ధ్వనులు ఒక క్రమంలో మారినట్టు తేలాలి.

అసలు మలుపు టర్కీలో ఉంది. బొగాజ్‌కోయ్‌లో 1906 నుంచి తవ్వి తీసిన మట్టిపలకల హిట్టైట్ భాషను 1915లో చెక్ పండితుడు హ్రోజ్నీ ఛేదించారు. అదీ ఇండో-యూరోపియన్ కుటుంబానిదే. అందులో ‘మెర్’ అంటే చావడం కాదు, కనబడకుండాపోవడం! అందుకే ధాతువు తొలి అర్థం ‘మాయమవడం’ అనీ, హిట్టైట్ శాఖ విడిపోయాక తక్కినవాళ్ల నోట అది చావుకు మర్యాదమాటగా మొదలై చివరికి చావుకే పేరైందనీ పలువురు పండితులు అంటారు. తెలుగులో ‘పోవు’ నడిచిన దారీ ఇదే. ‘తాత పాయ’ అంటే ఎక్కడికని సీమలో ఎవరూ అడగరు.

ఈ వాదాన్ని అందరూ ఒప్పుకోరు. అయినా నాకు ఇదే సబబనిపిస్తుంది. హిట్టైట్‌లో చావుకు ‘అక్’ అనే వేరే క్రియ ఉంది. కాబట్టి ‘మెర్’కు అక్కడ పాత అర్థంలోనే నిలిచిపోయే వీలు దొరికింది.