బ్యూటీ పార్లర్‌కు బీమా ధీమా

ముందు గదిలో ఒక అద్దం, ఒక కుర్చీ వేసుకుని మొదలుపెట్టిన పార్లర్ నాలుగేళ్లు తిరిగేసరికి మెయిన్ రోడ్డు మీద ఏసీ షాపవుతుంది. హైడ్రాలిక్ కుర్చీలు, స్టీమర్లు, గోడంత అద్దాలు... అన్నీ చిట్టీ పాడో, గాజులు కుదువ పెట్టో కొన్నవే! అద్దె, కరెంటు బిల్లు, అమ్మాయిల జీతాలు లెక్క వేసుకునే యజమానురాలు బీమా దగ్గరకొచ్చేసరికి "మా షాపెందుకు తగలబడుతుందండీ" అనేస్తుంది.

పేరుకు అగ్ని బీమాయే గానీ అందులో వరద, తుపాను కూడా వస్తాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయింది కదా! 5 కోట్ల రూపాయల లోపు ఆస్తి ఉన్న చిన్న వ్యాపారాలకు 2021 ఏప్రిల్ నుంచి 'భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష' పాలసీ ఉంది. మామూలు దొంగతనానికి మాత్రం విడిగా తీసుకోవాలి. షాప్‌కీపర్స్ పాలసీలో అయితే అద్దాలు, సైన్‌బోర్డు, గల్లాపెట్టె డబ్బు కూడా కలుపుకోవచ్చు. పార్లర్ ఇంట్లోనే ఉన్నా ఇంటి పాలసీ సరిపోదు. షాపు మారితే పాలసీలో అడ్రసు మార్పించడం మర్చిపోకండి.

అసలు చిక్కు కుర్చీలో కూర్చున్న మనిషితో. జుట్టు రంగుల్లో ఉండే పీపీడీ అనే రసాయనం కొందరికి పడదు. ముఖం వాచిపోతుంది, మాడు మీద పొక్కులొస్తాయి. 'బ్లాక్ హెన్నా' పేరుతో అమ్మే పొడుల్లోనూ తరచూ అదే ఉంటుంది. పాపం, అది గోరింటాకేననుకుంటారు చాలామంది! ఆ కస్టమర్ వినియోగదారుల కమిషన్‌కు వెళితే షాపు సామాను మీద తీసుకున్న పాలసీ పైసా ఇవ్వదు. పబ్లిక్ లయబిలిటీ ఉందిగా అంటారేమో... తడి నేల మీద జారిపడితే అది పనికొస్తుంది. మన చేతి పని వల్ల జరిగిన హాని చాలా పాలసీల్లో అందులోకి రాదు. దానికి ప్రొఫెషనల్ లయబిలిటీ కావాలి. "రంగు, బ్లీచ్, వ్యాక్సింగ్ వల్ల కస్టమర్‌కు హాని జరిగితే ఇస్తారా?" అని ఏజెంటును సూటిగా అడగండి. నోటి మాట కాదు, కాగితం మీద చూపించమనండి. రంగు వేయడానికి 48 గంటల ముందు చెవి వెనక చుక్క పెట్టి చూసి, తేదీ రాసి సంతకం తీసుకుంటే రేపు ఆ కాగితమే మీ తరఫు సాక్ష్యం. వేడి మైనం మీద పడి పనమ్మాయి చేయి కాలితే? ఆ కవరూ వేరేనండోయ్.

క్లెయిం తిరగ్గొడితే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. ఒక్కరే యజమానిగా ఉన్న షాపులకూ ఈ వీలుంది. లాయరూ అక్కర్లేదు, ఫీజూ లేదు. బిల్లుల జిరాక్సులు మాత్రం షాపులో కాకుండా ఇంట్లో దాచుకోండి.