వాట్సాప్ వార్తయు ఆప్తవాక్యమును



మనకు తెలియు విషయములు ఏయే మార్గములచే తెలియుచున్నవో మన తర్కశాస్త్రము విచారించినది. కంటితో చూచి తెలిసికొనుట ప్రత్యక్షము. పొగను జూచి నిప్పు కలదని యూహించుట అనుమానము. గవయము ఆవును బోలియుండునని విని, పిమ్మట అడవిలో దానిని గుర్తించుట ఉపమానము. నాలుగవది శబ్దము, అనగా ఆప్తుని మాట. బాల్యమున గురువుగారి యొద్ద ఈ పాఠమును వల్లించితిని. తరువాత ముప్పదియైదేండ్లు బడిపిల్లలకు తెలుగు చెప్పితిని. కాని యా నాలుగవ ప్రమాణమును నేను సరిగా గ్రహింపలేదని 2018వ సంవత్సరమున, ఉద్యోగము విరమించిన కొలదిదినములకే తెలిసికొంటిని. ఆ సంగతినే నేడు మనవి చేయదలచితిని.

నా పూర్వవిద్యార్థులు నాకొక సెల్‌ఫోను బహూకరించి, మా యూరివారి వాట్సాప్ గ్రూపులో నన్ను జేర్చిరి. మే నెలలో ఒకనాడు నా మేనల్లుడు నాకొక వీడియో పంపెను. వీధిలో ఆడుకొనుచున్న పిల్లవానిని మోటారుసైకిలుపై వచ్చినవారు ఎత్తుకొని పోవుట అందు కానవచ్చెను. పిల్లల నెత్తుకొనిపోవు ముఠా మన జిల్లాలో దిగినదని దాని క్రింద వ్రాసియుండెను. నా మేనల్లుడు అబద్ధమాడువాడు కాడు. నేను వెంటనే దానిని ఊరి గ్రూపునకు పంపి, "అందఱును జాగ్రత్తగా నుండవలెను" అని యొక వాక్యము చేర్చితిని. మంచిపని చేసితిననియే నా తలంపు.

మూడవనాటి సాయంకాలము రచ్చబండ యొద్ద కేకలు వినబడగా పోయి చూచితిని. పీచుమిఠాయి అమ్ముకొను పరదేశి ముసలివాని నొకనిని వేపచెట్టునకు కట్టివేసియుండిరి. వానికి తెలుగు రాదు. వాని గాజుపెట్టె పగిలి నేలపై బడియుండెను. వాయించు గంట ప్రక్కన బడియుండెను. మిఠాయి యాశ చూపి పిల్లలను పిలుచుచున్నాడని వాని మీది నేరము. కట్టినవారిలో మువ్వురు నా శిష్యులే. ఇదేమి పని యని నేను కోపించి యడుగగా, వారిలో నొకడు, "మాస్టారూ, మీరు పంపినదే గదండీ!" అనెను.

నాకు నోట మాట రాలేదు. కట్లు విప్పించి, మంచినీళ్ళిచ్చి, పెట్టెకు వెల కట్టి యిచ్చి, వానిని బస్సెక్కించితిని. వాడు నాకు చేతులు జోడించెను. వానిని కట్టించినవాడను నేనే యని వానికి తెలియదు.

వాడు బ్రతికి బయటపడెను. ఆ యదృష్టము అందఱకును కలుగలేదు. 2018 జూలై 1వ తేదీన మహారాష్ట్రమున ధూలే జిల్లా రాయిన్‌పాడా గ్రామమున, సంచారజాతివారైన ఐదుగురిని పిల్లలదొంగలని యనుమానించి జనులు కొట్టి చంపిరి. అదే నెల 13వ తేదీన కర్ణాటకమున బీదరు జిల్లాలో, హైదరాబాదునుండి పోయిన యొక యువకుడు అట్లే ప్రాణము కోల్పోయెను. అతడును అతని మిత్రులును చేసినదెల్ల దారిలో పిల్లలకు చాక్లెట్లు పంచుట. ఒక యూర తప్పించుకొని కారులో పోవుచుండగా, వారిని గూర్చిన వార్త వాట్సాప్‌లో వారికంటె ముందుగా మఱియొక యూరు చేరెను. అచటివారు దారి కట్టి కొట్టిరి.

నేను పంపిన వీడియో సంగతి తరువాత పత్రికలలో చదివితిని. అది పాకిస్తానులోని కరాచీ నగరమున, పిల్లలను కనిపెట్టియుండుడని తలిదండ్రులను హెచ్చరించుటకై తీసిన ప్రచారచిత్రము. చివర ఎత్తుకొనిపోయినవారే పిల్లవానిని మరల దింపి, హెచ్చరిక వ్రాసిన అట్టను పట్టి చూపుదురు. ఆ చివరిభాగమును ఎవరో కత్తిరించి, తక్కినదానిని మన దేశమున వదలిరి. దొంగతనము నటన, దొంగలు నటులు, ఊరు మనది కాదు, దేశమే మనది కాదు. కంటితో చూచితిని గదా యని నేననుకొన్నది ప్రత్యక్షము కానే కాదు. ఒకరు తీసి, మఱియొకరు కోసి, వేఱొకరు క్రింద వ్రాత చేర్చి నాకు చూపిన బొమ్మ అది. బొమ్మ చూచుట వేఱు, జరిగినది చూచుట వేఱు.

ఇక మేనల్లుని మాట యేమగును? అతడు నాకు ఆప్తుడు గదా యని మీరడుగవచ్చును. పొరపాటంతయు ఇచటనే యున్నది. లోకమున ఆప్తుడనగా మనకు కావలసినవాడు. శాస్త్రమున ఆ మాటకు అర్థము వేఱు. గౌతముని న్యాయసూత్రములకు భాష్యము వ్రాసిన వాత్స్యాయనుడు ఆప్తునకు రెండు లక్షణములు చెప్పెను. విషయమును తాను స్వయముగా నెఱిగియుండవలెను. ఎఱిగినదానిని ఎఱిగినట్లే చెప్పవలెనను కోరిక యుండవలెను. ఋషియైనను సామాన్యుడైనను పరదేశియైనను లక్షణ మొకటే యని కూడ ఆయన యనెను. చుట్టఱికమును గూర్చి గాని ప్రేమను గూర్చి గాని ఒక్క మాటయు లేదు. నా మేనల్లునకు రెండవ లక్షణము నిండుగా నున్నది, మొదటిది లేదు. నాకును అంతే. నన్ను నమ్మిన శిష్యులకు నేను ఆప్తుడనే, కాని నేను పంపినది ఆప్తవాక్యము కాదు.

మఱి దానిని ఏమనవలెను? మొదట చెప్పినవాడెవడో తెలియక, నోటినుండి నోటికి వచ్చు మాటను మనవారు ఐతిహ్యమనిరి. ఈ మఱ్ఱిచెట్టు మీద యక్షుడున్నాడని జనులు చెప్పుకొనుట దానికి వాడుకలోని యుదాహరణము. చూచినవాడెవడని యడిగిన ప్రతివాడును తన వెనుకనున్నవానిని చూపును. వాట్సాప్‌లో మనము ఫార్వర్డు అనునది ఈ ఐతిహ్యమే. కాని ఒక్క భేదమున్నది. పూర్వము యక్షుని కథ ఊరు దాటుటకు ఒక తరము పట్టెడిది. నేడు రాష్ట్రము దాటుటకు ఒక పూట చాలును.

ఎట్లనగా, ఒకడు ఐదుగురికి పంపి, ఆ యైదుగురును తలకైదుగురికి పంపినచో, ఆఱవ మెట్టున 15,625 మందికి, ఎనిమిదవ మెట్టున 3,90,625 మందికి చేరును. గ్రూపునకు పంపినచో లెక్క యింకను పెరుగును. ఒక్కొక్క గ్రూపులో 1,024 మంది వఱకు ఉండవచ్చును. హత్యలు జరిగిన పిమ్మట 2018 జూలైలో ఆ కంపెనీవారు మన దేశమున ఒక్కసారి ఐదు చోట్లకు మించి ఫార్వర్డు చేయకుండ కట్టడి చేసిరి. 2020 ఏప్రిల్‌లో, అప్పటికే పలు చేతులు మాఱిన దానిని ఒక్కసారి ఒక్క చోటికే పంపగలుగునట్లు చేసిరి. నడక మందగించినది గాని ఆగలేదు.

పత్రికలో వ్రాసినదానికి బాధ్యుడు కలడు. అచ్చువేసినవాని పేరును స్థలమును ప్రతి పత్రికపై ముద్రింపవలెనని 1867 నాటి చట్టముననే విధించిరి. ఊరిలో దండోరా వేసినవాడు సైతము ఎవరి యాజ్ఞయో చెప్పియే డప్పు కొట్టెడివాడు. వాట్సాప్ సందేశమునకు అట్టి చిరునామా లేదు. పంపినవానికిని అందుకొన్నవానికిని తప్ప, నడుమ కంపెనీవారికి సైతము అది చదువ వీలులేని యేర్పాటు 2016 నుండి యున్నది. మన ఇంటిమాటలకు అది మంచి మఱుగే. కాని కల్తీమాటను వడగట్టువాడు కూడ నడుమ లేడు. ఆ పని మన మీదనే పడినది.

దానికొక చిన్న గుర్తు కలదు. సందేశముపై ఒక బాణపు గుర్తున్నచో, పంపినవాడు దానిని తాను వ్రాయలేదని యర్థము. జంటబాణములున్నచో ఐదు చేతులైనను మాఱి వచ్చినదని యర్థము. బాణమున్నంత మాత్రమున అబద్ధమని చెప్పరాదు; లేనంత మాత్రమున నిజమనియు చెప్పరాదు, ఏలయనగా ఆ వ్రాతనే నకలు తీసి క్రొత్తగా అతికించినచో గుర్తు పోవును. కావున గుర్తు కంటె ప్రశ్న ముఖ్యము. "నీవు చూచితివా? చూచినవాని పేరేమి?" అని పంపినవానిని అడుగవలెను. ఇది అవమానము కాదు. అడిగినవాడు చుట్టమును శంకించుట లేదు, చుట్టము వెనుక దాగినవానిని వెదకుచున్నాడు.

ఈ పని జరిగిన చోటొకటి కలదు. 2018లో తెలంగాణమున జోగులాంబ గద్వాల జిల్లాలో రెమా రాజేశ్వరి యను పోలీసు అధికారిణి, గ్రామములలో జనులు భయపడుచున్నారని విని, గ్రామగ్రామమునకు తన పోలీసులను పంపెను. వారు ఇంటింటికి పోయి మాటలాడిరి. డప్పు వాయించి, పాటలు పాడి, ఆ వీడియోలు కల్పితములని చెప్పిరి. జనులు నమ్మిరి. ఏల? చెప్పువాడు ఎదుట నిలిచియుండెను, వానికి పేరుండెను, మఱునాడును వచ్చి కనబడువాడై యుండెను.

ఇంతవఱకు చెప్పినది ఆప్తుని చేతినుండి వచ్చు అనాప్తవాక్యమును గూర్చి. ఇప్పుడు ఆప్తుని వేషమే వేసికొని వచ్చు మోసము కూడ బయలుదేరినది. మనవాని ఫోటో పెట్టుకొని, "ఆపదలో నున్నాను, డబ్బు పంపు" మని వ్రాయుదురు. రికార్డయిన కొంచెము మాటనుబట్టి కంఠమును అనుకరించు యంత్రములు కూడ వచ్చినవి. కావున ముఖమును జూచి గాని గొంతు విని గాని నిశ్చయింపరాదు. ఆ పిలుపు నాపి, మన యొద్ద ముందునుండి యున్న వాని నంబరుకు మనమే ఫోను చేయవలెను. లేదా ఇంటివారికి మాత్రమే తెలిసిన యొక సంగతి నడుగవలెను.

మఱికొందఱు పోలీసు దుస్తులు ధరించి వీడియోలో కనబడి, మీ పేర మత్తుమందుల పొట్లము దొరికినదని బెదరించి, ఫోను ముందునుండి కదలరాదని శాసించి, డబ్బు గుంజుదురు. దీనిని డిజిటల్ అరెస్టు అందురు. అట్టి అరెస్టు మన చట్టమున లేనే లేదు. 2024 అక్టోబరులో ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగముననే ఈ సంగతి హెచ్చరించిరి. ఎవరైన మోసపోయినచో సిగ్గుపడి దాచవద్దు. తక్షణమే 1930 నంబరుకు ఫోను చేయవలెను. ఎంత త్వరగా చెప్పిన, డబ్బును దారిలో ఆపుటకు అంత యవకాశము. మోసగాండ్రందఱ లక్షణమొకటే: ఆలోచింపనీయరు, మఱియొకరితో చెప్పనీయరు. తొందరపెట్టిన మాట వినబడినప్పుడే ఇంటిలో నొకరిని పిలువుడు.

పెద్దలారా! ఊరిలో మీ మాటకు విలువ యున్నది. దానిని మీరు డబ్బిచ్చి కొనలేదు. నలుబది, యేబది యేండ్ల నడవడితో సంపాదించితిరి. ముక్కు మొగ మెఱుగనివాని ప్రాంసరీనోటుపై మీరు హామీ సంతకము చేయరు గదా! చూడనిదానిని ఫార్వర్డు చేయుట అట్టి సంతకమే. నేను ఒకసారి చేసితిని. దాని బాకీ ఒక ముసలివాడు వేపచెట్టు క్రింద తీర్చెను.

ఆ రాత్రి నేను ఊరి గ్రూపులో, "నేను పంపినది నేను చూచినది కాదు. నా తప్పు" అని వ్రాసితిని. ముప్పదియైదేండ్లలో పిల్లలకు నేను చెప్పిన పాఠములలో వారు మఱువనిది అదియే యని నా నమ్మకము. ఆ మిఠాయివాడు మరల మా యూరు రాలేదు. వీధిలో గంట వినబడినపుడెల్ల నేను వాకిటికి వచ్చి చూచుచుందును.

సెలవు.