ముందు చక్రం మోయలేని బరువు

సెస్నా 172 నాలుగు సీట్ల విమానం. రెక్క కాక్‌పిట్‌కు పైన ఉంటుంది, ఇంజిన్ ఒక్కటే, చక్రాలు మూడు. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో పుట్టిన ఈ నమూనా 1955 జూన్‌లో తొలిసారి ఎగిరింది, మరుసటి ఏడాది అమ్మకానికి వచ్చింది. ఇప్పటికి 44 వేలకు పైగా తయారయ్యాయి. ప్రపంచంలో మరే విమానమూ ఇన్ని తయారు కాలేదు. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కు తరలిపోయాక కూడా బేగంపేటలో పైలట్ శిక్షణ కొనసాగింది. అక్కడా, శంషాబాద్‌కు తూర్పున ఉన్న నాదర్‌గుల్‌లోనూ ఎందరో విద్యార్థులు దీని మీదో, దీని తమ్ముడైన రెండు సీట్ల 152 మీదో ఓనమాలు దిద్దుకున్నారు.

అంతకు ముందు తరం నేర్చుకున్నది తోక చక్రం విమానాల మీద. మన ఫ్లయింగ్ క్లబ్బుల్లో టైగర్ మాత్, తరువాత బెంగళూరు హెచ్‌ఏఎల్ 1958లో ఎగరేసిన పుష్పక్ ఆ కోవలోవే. వాటిలో బరువు కేంద్రం ప్రధాన చక్రాలకు వెనుక ఉంటుంది. నేల మీద పరుగులో విమానం కాస్త పక్కకు తిరిగితే, వెనకున్న బరువు ఆ తిరుగుడును ఇంకా పెంచుతుంది. విద్యార్థి కాలు ఒక్క క్షణం ఆలస్యమైతే విమానం గిర్రున తిరిగి రెక్క నేలకు రాసుకునేది. తోక కింది చిన్న చక్రాన్ని ముక్కు కిందికి, ప్రధాన చక్రాలను కాస్త వెనక్కి మార్చగానే బరువు కేంద్రం ప్రధాన చక్రాలకు ముందుకొచ్చింది, పక్కకు తిరిగిన విమానం దానంతటదే సర్దుకోవడం మొదలైంది. సెస్నా దీన్ని ‘ల్యాండ్ ఓ మాటిక్’ అని ప్రచారం చేసుకుంది, విమానం దానంతటదే దిగిపోతుందన్నట్టు. అది అతిశయోక్తే. ప్రమాదం పోలేదు, తోక నుంచి ముక్కుకు మారింది.

ప్రధాన చక్రాల ఉక్కు కాళ్లు స్ప్రింగులా వంగి గట్టి దెబ్బను కూడా ఓర్చుకుంటాయి. ముందు కాలు అలాంటిది కాదు. గాలి, నూనె నింపిన ఆ సన్నని గొట్టాన్ని ఇంజిన్ వెనక ఉండే ఫైర్‌వాల్‌కు బిగిస్తారు. నేల మీద దారి తిప్పడానికి, ముక్కును నిలిపి ఉంచడానికి అది చాలు. దిగే విమానం బరువంతా దాని మీద పడకూడదు.

విద్యార్థి ల్యాండింగ్ ప్రమాదం సాధారణంగా వేగంతో మొదలవుతుంది. ఈ విమానం రన్‌వేను సమీపించే వేగం దాదాపు 65 నాట్లు, అంటే గంటకు 120 కిలోమీటర్లు. దాన్ని 75 నాట్లతో తెస్తే వేగం పెరిగింది 15 శాతమే, కానీ చలన శక్తి 33 శాతం పెరుగుతుంది. నేలకు రెండు మూడు మీటర్ల ఎత్తులో ముక్కు పైకెత్తే ఘట్టాన్ని ఫ్లేర్ అంటారు. ఆ మిగులు శక్తి వల్ల విమానం అక్కడ దిగకుండా తేలిపోతుంది. రన్‌వే అయిపోతోందన్న కంగారులో విద్యార్థి చేతిలోని యోక్‌ను, అంటే ముక్కును పైకీ కిందికీ కదిపే పిడిని, ముందుకు నెడతాడు. ముందు చక్రం మొదట తగులుతుంది, విమానం ఎగిరిపడుతుంది. ముక్కు పైకి లేచిందని మళ్లీ నెడతాడు. ఈసారి దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. చెయ్యి ఎప్పుడూ విమానం కదలికకు ఒక అడుగు వెనకే ఉండటంతో ప్రతి గెంతూ మునుపటికన్నా పెద్దదవుతుంది. రెండు మూడు గెంతులకే ముందు కాలు విరిగి, ప్రొపెల్లర్ నేలను కొట్టవచ్చు. ఇన్‌స్ట్రక్టర్ పక్కన లేని సోలోలో దీన్ని ఆపేవారు ఉండరు. మొదటి గెంతుకే థ్రాటిల్ పూర్తిగా తెరిచి, ముక్కును స్థిరంగా పట్టుకుని, రెక్కల వెనక అంచున దించి ఉన్న ఫ్లాప్స్‌ను అంచెలుగా ఎత్తుతూ మళ్లీ పైకి వెళ్లిపోవడమే మందు. దాన్ని గో అరౌండ్ అంటారు. అది ఓటమి అనుకునే విద్యార్థులే ఎక్కువగా విమానాన్ని విరగ్గొడతారు.

హైదరాబాద్ ఎండ ఈ గెంతుల ప్రమాదానికి ఆజ్యం పోస్తుంది. శంషాబాద్ సముద్రమట్టానికి 617 మీటర్ల ఎత్తులో ఉంది. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల వేడిలో అక్కడి గాలి సుమారు 1,700 మీటర్ల ఎత్తున ఉండాల్సినంత పలచబడుతుంది. వేగం చూపే మీటరులో అదే 65 నాట్లు కనిపిస్తున్నా అసలు వేగం 70 దాటుతుంది. ఇంజిన్ శక్తి కూడా తగ్గుతుంది కనుక గో అరౌండ్‌లో విమానం బద్ధకంగా లేస్తుంది.

ఈ ప్రాంతంలో ప్రాణాలు తీసిన ప్రమాదాలు వేరే తరహావి. 2019 అక్టోబరులో వికారాబాద్ జిల్లా సుల్తాన్‌పూర్ దగ్గర 172 కూలి ఇద్దరు శిక్షణ పైలట్లు మరణించారు. 2022 ఫిబ్రవరిలో నల్లగొండ జిల్లా తుంగతుర్తి దగ్గర 152 కూలి ఒకరు మరణించారు. రెండూ రన్‌వేకు దూరంగా, పొలాల్లో జరిగినవే. గెంతుల ల్యాండింగ్‌లో విద్యార్థి చాలాసార్లు తలుపు తీసుకుని నడిచి బయటికొస్తాడు. ఖర్చు మాత్రం యంత్రానిది. ఫైర్‌వాల్ ముడత పడిందేమో చూడాలి. ప్రొపెల్లర్ తిరుగుతూ నేలకు తగిలి ఉంటే, ఇంజిన్ విప్పి క్రాంక్‌షాఫ్ట్‌లో పగుళ్లు లేవని తేల్చుకున్నాకే ఆ విమానాన్ని మళ్లీ ఎగరనివ్వాలి.