వ్రాసినవారు ముగ్గురు, చేసినవారు నలుగురు

1955 మే నెలలో అమెరికాలోని లాస్ ఆలమోస్ ప్రయోగశాల నుంచి ఒక చిన్న నివేదిక వెలువడింది. దాని ముఖపత్రం మీద రెండు జాబితాలు ఉన్నాయి. 'పని చేసినవారు' అన్నచోట నాలుగు పేర్లు: ఎన్రికో ఫెర్మీ, జాన్ పాస్టా, స్టానిస్లా ఉలాం, మేరీ త్సింగూ. 'నివేదిక వ్రాసినవారు' అన్నచోట మూడే పేర్లు, నాలుగవది లేదు. లోపల, పుట అడుగున ఉన్న సూచికలో మాత్రం, లెక్కలను యంత్రానికి తగినట్లుగా కూర్చి నడిపించినందుకు ఆమెకు కృతజ్ఞతలు చెప్పారు.

ఆ తరువాత అర్ధశతాబ్దంపాటు ఆ పరిశోధన 'ఫెర్మీ-పాస్టా-ఉలాం సమస్య' అనే పేరుతోనే లోకంలో చెలామణి అయింది. ఇంతకూ ఆ నాలుగవ వ్యక్తి చేసిన పని ఏమిటి? దాని విలువ తెలియడానికి అంతకాలం ఎందుకు పట్టింది? చివరకు ఎలా తెలిసింది? నేడు ప్రతి విజ్ఞానశాఖలోనూ ఇటువంటి పని చేసేవారు ఉన్నారు కనుక, ఈ ప్రశ్నలు ఒక్క వ్యక్తికి సంబంధించినవి మాత్రమే కావు.

తీగను గురించిన ప్రశ్న

వీణ తీగను మీటితే అది అనేక రీతుల్లో కంపిస్తుంది. తీగ మొత్తం ఒకే విల్లులా వంగి ఊగడం మొదటి రీతి. నడుమ ఒక బిందువు కదలకుండా ఉండి, రెండు సగాలూ ఎదురెదురుగా ఊగడం రెండవ రీతి. మూడు భాగాలుగా ఊగడం మూడవ రీతి. సాగుదలకు సరిగ్గా అనుపాతంలోనే బలం ఉంటుందని చెప్పే హుక్ సూత్రం పూర్తిగా వర్తించే తీగలో ఈ రీతులు ఒకదాని జోలికి ఒకటి పోవు. మొదటి రీతికి ఇచ్చిన శక్తి ఎంతకాలమైనా మొదటి రీతిలోనే ఉండిపోతుంది.

కాని ప్రకృతిలోని వస్తువులు హుక్ సూత్రాన్ని అంత కచ్చితంగా పాటించవు. సాగుదలతోపాటు దాని వర్గాన్నో, ఘనాన్నో అనుసరించి కొద్దిపాటి అదనపు బలం కూడా ఉంటుంది. ఆ కొద్దిపాటి తేడావల్ల రీతుల మధ్య శక్తి చేతులు మారగలుగుతుంది. అలా మారుతూ మారుతూ, నీటిలో వేసిన సిరా చుక్క నీరంతటా వ్యాపించినట్లు, శక్తి క్రమంగా అన్ని రీతులకూ సమంగా పంచుకుపోవాలని శాస్త్రజ్ఞులు ఊహించారు. పదార్థాలలో ఉష్ణం వ్యాపించే తీరును అర్థం చేసుకోవడానికి ఈ ఊహ ముఖ్యమైనది.

అయితే ఆ సమీకరణాలను కాగితంమీద సాధించడానికి వీలులేదు. అందువల్ల 1953లో ఫెర్మీ బృందం ఒక కొత్త మార్గం తొక్కింది. 1952 నుంచి పనిచేస్తున్న 'మానియాక్' అనే ఎలక్ట్రానిక్ గణనయంత్రం మీదనే ప్రయోగం చేయాలని వారు సంకల్పించారు. తీగకు బదులు వరుసగా 16, 32 లేదా 64 బిందువులు. బిందువుకూ బిందువుకూ మధ్య ఒక ఊహా స్ప్రింగు. ప్రతి బిందువుమీదా ఇరుగుపొరుగు బిందువులు చూపే బలాన్ని లెక్కకట్టాలి. దానినిబట్టి ఒక స్వల్ప కాలవ్యవధి గడిచాక ఆ బిందువు ఎక్కడ ఉంటుందో కనుక్కోవాలి. అన్ని బిందువులకూ ఇలా చేసి, మళ్ళీ మొదటికి రావాలి. ఇట్లా వేల పర్యాయాలు.

నాలుగవ వ్యక్తి పని

మేరీ త్సింగూ 1928లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో ఒక గ్రీకు కుటుంబంలో జన్మించింది. 1951లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో పట్టం పుచ్చుకుని, 1952లో లాస్ ఆలమోస్‌లో ఉద్యోగంలో చేరింది. మొదట చేతితో లెక్కలు కట్టే విభాగంలో పనిచేసి, తరువాత మానియాక్‌కు ప్రోగ్రాములు వ్రాసిన తొలి తరంవారిలో ఒకరయింది.

ఆనాటికి 1957లో వెలువడిన ఫోర్ట్రాన్ వంటి భాషలు లేవు. యంత్రానికి తెలిసిన ఆజ్ఞలనే ఒక్కొక్కటిగా పేర్చాలి. యంత్రపు స్మృతిలో పట్టేవి వెయ్యి పైచిలుకు సంఖ్యలు మాత్రమే. ఆజ్ఞలూ, బిందువుల స్థానాలూ, వేగాలూ అన్నీ అందులోనే ఇమడాలి. ఏ పని ముందు, ఏది తరువాత, ఎక్కడ ఆగి పరీక్షించుకోవాలి అనే క్రమాన్ని గీతలతో, గళ్ళతో పటంగా గీసుకుని, ఆ పటాన్ని ఆజ్ఞలుగా మార్చాలి.

ఇది గుమాస్తా పని అనిపించవచ్చు. కాదని ఒక చిన్న లెక్క చూపుతుంది. ఇది ఆ బృందం వాడిన పద్ధతి కాదు; విషయం తేటపడడానికి మాత్రమే. ఒక స్ప్రింగు కొసన ఒక గుండు ఉన్నదనుకోండి. స్థానభ్రంశం 1, వేగం 0, త్వరణం స్థానభ్రంశానికి సమానమై, వ్యతిరేక దిశలో ఉంటుంది. కాలవ్యవధి 0.1. ప్రతి అడుగులోనూ పాత స్థానం నుంచి కొత్త వేగాన్నీ, పాత వేగం నుంచి కొత్త స్థానాన్నీ కట్టాలి. స్థానం వర్గమూ, వేగం వర్గమూ కలిపితే శక్తికి కొలత వస్తుంది. అది మొదట 1. మొదటి అడుగుకే అది 1.01 అవుతుంది. పది అడుగులకు 1.10, నూరు అడుగులకు 2.70. ఎవరూ తాకని గుండుకు శక్తి ఎక్కడినుంచి వచ్చింది? ఎక్కడినుంచీ రాలేదు; అది లెక్క కట్టిన క్రమంలోని దోషం.

ఇప్పుడు ఒక్క మార్పు చేస్తే చాలు. వేగాన్ని ముందు కట్టి, స్థానానికి పాత వేగం బదులు ఆ కొత్త వేగాన్ని వాడాలి. అప్పుడు ఎన్ని అడుగులు వేసినా ఆ కొలత 1కి అటూ ఇటూ నూటికి ఐదారు పాళ్ళకు మించి కదలదు. భౌతిక సూత్రం మారలేదు. వరుస మాత్రమే మారింది. ఈ వరుసను ఎరిగి కూర్చడమే ప్రోగ్రాము వ్రాసేవారి విద్య.

ఊహించని ఫలితం

మానియాక్ ఇచ్చిన జవాబు అందరినీ ఆశ్చర్యపరచింది. మొదటి రీతికి ఇచ్చిన శక్తి రెండవ, మూడవ, నాలుగవ రీతులకు కొంత కొంత పోయింది. కాని అందరికీ పంచుకుపోలేదు. వెళ్ళినది వెళ్ళినట్లే తిరుగుముఖం పట్టింది. 32 బిందువుల లెక్కలో, మొదటి రీతి 157 పర్యాయాలు ఊగేసరికి శక్తి దాదాపు అంతా మళ్ళీ మొదటి రీతిలోనే చేరుకున్నది. నీటిలో కరిగిన సిరా తిరిగి చుక్కగా కూడుకున్నట్లు!

ఇటువంటి ఫలితం వచ్చినప్పుడు పుట్టే మొదటి సందేహం ఒకటే: ఇది ప్రకృతి ధర్మమా, ప్రోగ్రాములో పొరపాటా? ప్రోగ్రాము మీద నమ్మకం లేకపోతే ఆ ఫలితాన్ని తప్పుగా ఎంచి పారవేయవలసిందే. కనుక ఆవిష్కరణ అంతా ఆ ఆజ్ఞల వరుసను కూర్చినవారి నేర్పుమీదా, నిజాయితీమీదా ఆధారపడి ఉన్నది.

ఫలితం నిలబడింది. దానికి కారణం వెదుకుతూనే 1965లో నార్మన్ జబుస్కీ, మార్టిన్ క్రుస్కల్ అనే శాస్త్రజ్ఞులు, ఒకదానినొకటి ఢీకొన్నా రూపం చెడకుండా సాగిపోయే ఏకాకి తరంగాలను వర్ణించి, వాటికి 'సాలిటాన్లు' అని పేరుపెట్టారు. గణనయంత్రంతో ప్రయోగం చేయడమనే పద్ధతికి ఈ సమస్య ఒక తొలి ఉదాహరణగా నిలిచింది.

పేరు మరుగుపడడం, బయటపడడం

ఫెర్మీ 1954 నవంబరులో, నివేదిక వెలువడకముందే మరణించాడు. త్సింగూకు 1958లో వివాహమై, ఇంటిపేరు మెంజెల్ అయింది. 1972లో జేమ్స్ టక్ అనే శాస్త్రజ్ఞునితో కలిసి ఆమె అదే సమస్యను మరింత దీర్ఘకాలానికి లెక్కించి, మొదటి ఆవృత్తికి మించిన మరొక మహావృత్తిని చూపే వ్యాసం ప్రచురించింది. కాని 1972 నాటి మెంజెల్, 1955 నాటి త్సింగూ ఒకరేనని చదువరులకు తెలిసే దారి లేకపోయింది.

2008 జనవరిలో ఫ్రాన్సు దేశపు భౌతిక శాస్త్రజ్ఞుడు తియెరీ దోక్స్వా 'ఫిజిక్స్ టుడే' పత్రికలో ఆమె కథ వ్రాశాడు. అందులో కొత్త సమీకరణమేమీ లేదు. ఆమె ఎవరు, ఆ యంత్రంతో పని ఎంత కష్టం, ఆమె గీసిన పటం ఎలా ఉన్నది, పేరు ఎందుకు మరుగుపడింది అనే వివరాలను సాక్ష్యాలతో వరుసగా చెప్పాడు. సమస్య పేరులో ఆమె పేరు కూడా చేర్చాలని కోరాడు. నాటినుంచి అనేక పరిశోధన పత్రాలలో అది 'ఫెర్మీ-పాస్టా-ఉలాం-త్సింగూ సమస్య' అని కనిపిస్తున్నది. పాదసూచిక చేయలేని పనిని కథ చేసింది.

నేటి త్సింగూలు

నేడు వాతావరణ సూచనకూ, జన్యువుల పరిశీలనకూ, నక్షత్రాల అధ్యయనానికీ ప్రోగ్రాములు లేనిదే గడవదు. శాస్త్రమూ, ప్రోగ్రాము రచనా రెండూ తెలిసి, ఈ పనికే అంకితమైనవారికి చాలాకాలం ఒక పేరైనా లేదు. 2012లో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌లో జరిగిన ఒక సమావేశంలో వారికి 'పరిశోధన సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు' అనే పేరు కుదిరింది. 2019లో బ్రిటన్‌లో వారి సంఘం ఒక సంస్థగా ఏర్పడింది.

పేరు వచ్చినంతమాత్రాన విలువ తెలియదు. విద్యాసంస్థలలో పదోన్నతికి సాధారణంగా లెక్కకు వచ్చేవి ప్రచురించిన పత్రాలు. పైగా ఈ పనికి ఒక విచిత్ర లక్షణం ఉన్నది: బాగా సాగినంతకాలం ఎవరి కంటికీ ఆనదు, చెడినప్పుడే కనిపిస్తుంది. తోలుబొమ్మలాటలో తెరమీద బొమ్మ చక్కగా ఆడుతున్నంతసేపూ తెరవెనుక చేతులను ఎవరు తలుచుకుంటారు?

అందుకే వారి పనిని కథగా చెప్పవలసిన అవసరం ఏర్పడింది. 'ఇన్ని వేల పంక్తుల ప్రోగ్రాము వ్రాశారు' అంటే వినేవారికి ఏమీ తోచదు. అసలు చిక్కు ఏమిటి, అది తీరకపోతే ఏ ప్రశ్న జవాబు లేకుండా ఉండిపోయేది, ఎవరు ఏ ఉపాయం పన్నారు, దానివల్ల ఏమి తెలిసింది అని ఈ నాలుగూ చెబితే, ప్రోగ్రామంటే తెలియనివారికి కూడా దాని విలువ బోధపడుతుంది.

కథకు ఒక ప్రమాదమూ ఉన్నది. కథ ఒక్క నాయకుణ్ణే కోరుతుంది; పరిశోధన అనేకుల పని. 2019 ఏప్రిల్‌లో కృష్ణబిలపు తొలి చిత్రం వెలువడినప్పుడు కొందరు ఘనతనంతా కేటీ బౌమన్ అనే యువ శాస్త్రజ్ఞురాలికే కట్టబెట్టారు. ఆ చిత్రం ఏ ఒక్కరివల్లా, ఏ ఒక్క పద్ధతివల్లా రాలేదని ఆమే స్వయంగా చెప్పవలసి వచ్చింది. త్సింగూ పేరు చేర్చడమంటే ఫెర్మీ పేరు కొట్టివేయడం కాదు. మూడు పేర్ల పక్కన నాలుగవది వ్రాయడం.

ఉపాధ్యాయులు పైన చెప్పిన గుండు లెక్కను తరగతిలో రెండు జట్లచేత రెండు విధాలుగా కట్టించవచ్చు. పది అడుగులు చాలు. ఆపై ప్రతి విద్యార్థీ తన జట్టులో ఎవరు లెక్క కట్టారో, ఎవరు సరిచూశారో, తప్పు ఎవరు పట్టుకున్నారో అరపుటలో వ్రాయాలి. వ్రాసినవన్నీ పక్కపక్కన పెట్టి చదివితే, ఎవరి పేరు ఎక్కడ జారిపోయిందో పిల్లలకే తెలుస్తుంది.