మీకు తెలుసా? అకూస్టిక్ ఒంటికి ఎలక్ట్రిక్ మెడ!

పుంగనూరు ఆవు పక్కన ఓ పెద్ద అకూస్టిక్ గిటార్‌ను నిలబెట్టి చూడండి. గిటారే పొడుగు! ఆవు ఎత్తు 70 నుంచి 90 సెంటీమీటర్లే. గిటార్ మీటరు దాటేస్తుంది! కానీ వాయించే చేతికి ఆ పొడుగుతో పనేముంది? దానికి తెలిసేదల్లా మెడే. అదే, మనం నెక్ అంటామే, అది! మోత అకూస్టిక్‌ది కావాలి, నెక్ మాత్రం ఎలక్ట్రిక్‌లా చేతిలో ఇమిడిపోవాలి అనుకుంటున్నారా? మదనపల్లె, పుంగనూరు, కుప్పం గిటార్ మిత్రులూ, కాస్త దగ్గరికి జరగండి. ఈ గుట్టంతా మీకే!

మొదటి గుట్టు వినండి. తల దగ్గర తీగలు ఆనుకునే చిన్న ముక్క ఉంటుంది చూశారా? దాని పేరు నట్. ఎలక్ట్రిక్ స్ట్రాటోకాస్టర్‌కూ, ఇప్పటి చాలా అకూస్టిక్‌లకూ ఆ నట్ వెడల్పులో తేడా ఎంతో తెలుసా? అటూఇటుగా 2 మిల్లీమీటర్లు! అంతే! ఆ కాస్త తేడాకే చెయ్యి 'ఇది వేరే గిటార్' అని పసిగట్టేస్తుంది!

నైలాన్ తీగల క్లాసికల్ గిటార్ సంగతి చెబితే ఇంకా విడ్డూరం! దాని నట్ దాదాపు 52 మిల్లీమీటర్లు! ఎలక్ట్రిక్ అలవాటైన బొటనవేలు అక్కడ దారి తప్పుతుంది. నైలాన్ తీగలు మెత్తన కదా, ఇదే సులువు అనుకుని కొనేస్తారు చాలామంది. తీగలు మెత్తనే. మెడ మాత్రం వెడల్పు!

మార్టిన్ డి-28 పేరు వినే ఉంటారు. అకూస్టిక్‌లలో మహా పెద్దమనిషి! మరి దాని నట్ దశాబ్దాల పాటు ఎలక్ట్రిక్ అంత సన్నగానే ఉండేదంటే నమ్ముతారా? సుమారు 43 మిల్లీమీటర్లు! కొత్త కొలత వచ్చింది 2017లోనే. పాత డి-28 ఎక్కడైనా కంటపడితే ఒక్కసారి పట్టుకుని చూడండి!

అంత ఖరీదైనవి మనకెందుకు అంటారా? ఐబనేజ్ వాళ్ల ఏఈజీ వరుస ఉంది. ఒళ్లు పలచన, నెక్ సన్నన! నట్ దగ్గర 43 మిల్లీమీటర్లే. ఎలక్ట్రిక్‌లకు పేరుపడ్డ కంపెనీ కదా, ఆ పనితనం అకూస్టిక్‌లోనూ పోలేదు!

వెడల్పు సరిపోయినా చేతికి తేడాగానే ఉందా? అక్కడే ఉంది తిరకాసు! ఫ్రెట్‌బోర్డు చదునుగా కనిపిస్తుంది గానీ చదును కాదు. సన్నగా వంపు తిరిగి ఉంటుంది. పాత స్ట్రాటోకాస్టర్ వంపును పూర్తి వలయంగా గీస్తే కేంద్రం నుంచి అంచుకు 7.25 అంగుళాలే! అకూస్టిక్‌లు చాలావరకు అంతకన్నా ఎంతో చదును. వంపు ఎక్కువైతే కార్డులు హాయి. చదునైతే తీగ లాగడం హాయి!

ఇప్పుడు బరువు మాట. గిటార్ ఊరికే గోడకు వేలాడుతోంది అనుకుంటున్నారా? కాదండీ, లోలోపల కుస్తీ పడుతోంది! మామూలు 12 సైజు అకూస్టిక్ తీగలు ఆరూ కలిసి నెక్‌ను సుమారు 70 కిలోల బలంతో లాగుతాయి! ఓ నిండు మనిషి బరువు! ఎలక్ట్రిక్ 9 సైజు తీగల లాగుడు అందులో సగానికి కాస్త ఎక్కువ, అంతే. అకూస్టిక్ మీద వేళ్లు మండేది ఇందుకే!

అంత లాగుతుంటే నెక్ వంగిపోదా? వంగదు! లోపల ఇనుప కడ్డీ దాగి ఉంది! దాని పేరు ట్రస్ రాడ్. గిబ్సన్ కంపెనీలో పనిచేసిన థాడియస్ మెక్‌హ్యూకు 1923లో దాని మీద పేటెంట్ వచ్చింది. నెక్‌లు సన్నబడడానికి ధైర్యం ఇచ్చింది ఈ కడ్డీయే!

3వ తీగ గుట్టు ఎవరూ చెప్పరు! మామూలుగా అకూస్టిక్‌లో దానికి చుట్టూ సన్నటి లోహపు చుట్ట ఉంటుంది. ఎలక్ట్రిక్‌లో చాలావరకు అది నున్నటి ఒంటి తీగ. అందుకే ఎలక్ట్రిక్‌లో ఇట్టే వంగిన స్వరం అకూస్టిక్‌లో మొండికేస్తుంది! నెక్‌ను తిట్టకండి. తప్పు తీగది!

పైసా ఖర్చులేని చిట్కా ఒకటి చెప్పనా? తీగలన్నిటినీ అర స్వరం కిందికి దించండి. లాగుడు సుమారు 11 శాతం తగ్గిపోతుంది! వేళ్లకు ఎంత హాయో! పాత శ్రుతి కావాలంటే మొదటి ఫ్రెట్ మీద కేపో బిగించండి. మొత్తం ఒక మెట్టు ముందుకు జరిగింది, అంతే!

తీగలు మరీ ఎత్తుగా ఉన్నాయా? వంతెన మీద తెల్లటి ముక్క ఉంటుంది, శాడిల్. దాని అడుగు 1 మిల్లీమీటరు అరగదీస్తే నడిమి 12వ ఫ్రెట్ దగ్గర తీగ ఎంత దిగుతుంది? ఒకటి కాదు, అర మిల్లీమీటరే! ఎందుకంటే ఆ ఫ్రెట్ సరిగ్గా తీగ సగం దూరంలో ఉంటుంది. ఈ లెక్క తెలియక ఎక్కువ అరగదీసి గిటార్‌ను గరగరలాడించినవాళ్లు ఎందరో! తెలిసినవాళ్ల చేత చేయించండి.

హమ్మింగ్‌బర్డ్ అనే గిబ్సన్ అకూస్టిక్ ఉంది. దాని తీగ పొడవు 24.75 అంగుళాలు. మరి ఎలక్ట్రిక్ లెస్ పాల్ కొలత? అచ్చం అదే! స్ట్రాటోకాస్టర్‌ది అంతకన్నా ముప్పావు అంగుళం ఎక్కువ. పొడవు తగ్గితే తీగ మెత్తబడుతుంది. ఎలక్ట్రిక్ హాయి సగం వచ్చేసినట్టే!

ఫెండర్ వాళ్లు ఇంకా గడుసువాళ్లు! 1960లలోనే అకూస్టిక్ ఒంటికి తమ ఎలక్ట్రిక్ నెక్‌నే బిగించేశారు! జిగురు లేదు, గిగురు లేదు. 4 మరలు, అంతే! తల కూడా ఎలక్ట్రిక్ తలే! కింగ్‌మ్యాన్ దాని పేరు.

టేలర్ వాళ్లు 1999లో మరో మాయ చేశారు. నెక్‌ను బోల్టులతో బిగించి, ఆ సందులో పలచటి బిళ్లలు పెట్టారు. బిళ్ల మారిస్తే నెక్ వాలు మారిపోతుంది! ఎత్తు తప్పిన నెక్‌ను సరిచేయాలంటే పాత పద్ధతిలో జిగురు కరిగించి ఊడదీయాలి. ఇక్కడ బోల్టు విప్పడమే!

అసలు ఇది అకూస్టికా, ఎలక్ట్రికా అని తికమకపెట్టే గిటార్ 2019లో వచ్చింది. ఫెండర్ అకూస్టాసోనిక్ టెలికాస్టర్! ఒళ్లు డొల్ల, పైన శబ్దం వచ్చే రంధ్రం. నెక్ మాత్రం నిఖార్సైన టెలికాస్టర్ తీరు! కళ్లు మూసుకుని పట్టుకుంటే చెయ్యి మోసపోతుంది!

ఇక మనింటి సంగతి! గిటార్ వాద్యకారుడు జాన్ మెక్‌లాగ్లిన్ తన శక్తి బృందం కోసం గిబ్సన్ చేత ఓ అకూస్టిక్ చేయించుకున్నారు. ఫ్రెట్ల మధ్య చెక్కను గుంటలుగా తోడించారు! ఎందుకో తెలుసా? వీణలా గమకం పలకాలని! పైగా శ్రుతి కోసం ఒంటి మీద అడ్డంగా 7 తీగలు అదనం! ఎలక్ట్రిక్ వీరుడు అకూస్టిక్ మెడ కోసం మన వీణ వైపు చూశాడన్నమాట!

మన పాలకొల్లు బిడ్డ ఉప్పలపు శ్రీనివాస్ దారి ఇంకోటి! మామూలు మాండలిన్‌కు జంటలుగా 8 తీగలు. జంట తీగ మీద గమకం పలకడం గగనం. ఆయన జంటలు తీసేశారు! 5 ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టి కర్ణాటక సంగీతాన్ని ఉరకలెత్తించారు!

ఫ్రెట్లు కొత్త సరుకు అనుకుంటున్నారా? బొబ్బిలి వీణ మీద 24 మెట్లు లెక్కపెట్టుకోండి! చాలా ఎలక్ట్రిక్ గిటార్లకు అన్ని ఉండవు! పైగా ఏకాండి వీణ అయితే కుండ, దండి అన్నీ ఒకే పనస దుంగలోంచి చెక్కేస్తారు. మెడ అతికించే బెడదే లేదు!

మన శేషాచలం అడవుల ఎర్రచందనం ఏ వాద్యం మెడ అవుతుందో చెప్పండి? జపాన్ వాళ్ల షామిసెన్‌ది! 3 తీగల వాద్యం అది. ఎర్రచందనపు మెడ అంటే అక్కడ మేలురకం! ఎక్కడి చిత్తూరు సీమ, ఎక్కడి జపాన్!

గిటార్ ఒంట్లోనూ మనవాళ్లున్నారు! బ్రెజిల్ రోజ్‌వుడ్ దొరకడం కష్టమయ్యేసరికి మార్టిన్ కంపెనీ 1969లో భారతీయ రోజ్‌వుడ్‌కు మారింది. అమెరికా గిటార్ వీపు తట్టి చూడండి. దక్షిణాది అడవి పలుకుతుంది!

మదనపల్లెకు సంగీతం కొత్త కాదు సుమా! మన జాతీయ గీతం బాణీకి మార్గరెట్ కజిన్స్ పాశ్చాత్య స్వరలిపి రాసింది ఈ ఊళ్లోనే! థియొసాఫికల్ కాలేజీకి రవీంద్రుడు వచ్చినప్పటి ముచ్చట. ఏడాది 1919!

మన ఎండలకు గిటార్ నెక్ ఏమవుతుందో తెలుసా? చెక్క ఎండి కుంచించుకుపోతుంది. లోహపు ఫ్రెట్ మాత్రం అలాగే ఉంటుంది! దాంతో అంచులు బయటికి పొడుచుకొచ్చి అరచేతిని గీరేస్తాయి. గాలిలో తేమ 45 శాతానికి తగ్గకుండా చూస్తే మంచిది. వేసవిలో గోడకు వేలాడదీయకండి, పెట్టెలో పెట్టండి!

కుప్పంలో రైలెక్కితే బెంగళూరు దాదాపు 100 కిలోమీటర్లే! మదనపల్లె, పుంగనూరు వాళ్లకూ బస్సు ఉండనే ఉంది. పెద్ద దుకాణాల్లో వరసగా గిటార్లు! వెళ్లేటప్పుడు జేబులో స్కేలు పెట్టుకోండి. పేరు చూసి మురిసిపోకండి. ముందు నట్ కొలవండి. తర్వాత తీగల సైజు అడగండి. 12 ఉంటే 10 వేయించి వాయించి చూడండి. శాడిల్ సరిచేయించి ఇస్తారా అని నిలదీయండి. ఎలక్ట్రిక్ హాయి పేరులో లేదు, మిల్లీమీటర్లలో ఉంది. కొలిచాకే కొనండి!