మీకు తెలుసా? మొక్కకన్నా ముందు బొగ్గుకు ఎరువు వేయాలి

బెంగళూరు శివార్లలోని సర్జాపుర చుట్టుపక్కల కొత్తగా విల్లా కొన్నవాళ్లు మొక్కలు పెట్టబోతే ముందు చిక్కు మట్టితోనే వస్తుంది. పెరట్లో మిగిలేది చాలాచోట్ల పొలం పైమట్టి కాదు, పునాదులు తవ్వినప్పుడు బయటపడ్డ అడుగుమట్టి. ఎర్రగా ముచ్చటగా ఉంటుంది గానీ సేంద్రియ పదార్థం నామమాత్రం. పైగా నైస్ అనే రకం రాళ్లు శిథిలమై ఏర్పడిన ఈ ఎర్రనేలల్లో బంకమన్ను ఎక్కువగా కయోలినైట్ రకం. పోషకాలను పట్టి ఉంచే శక్తి దానికి తక్కువ. వేసిన ఎరువు నాలుగు వానలకే వేళ్లకు అందకుండా పోతుంది.

ఇలాంటి మట్టికి బొగ్గు మేలు చేస్తుందని మీకు తెలుసా? బూడిద కాదండీ, బొగ్గే. పుల్లలు, కొబ్బరి చిప్పలు, పంట కట్టెలను గాలి అందీ అందకుండా 350 నుంచి 700 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలిస్తే మిగిలే నల్లటి సరుకునే బయోచార్ అంటున్నారు. దాని నిండా కంటికి కనపడని రంధ్రాలే. మంచి బొగ్గు ఒక్క గ్రాములో ఆ రంధ్రాల గోడలన్నీ పరిచి కొలిస్తే వందల చదరపు మీటర్లు రావచ్చు. నీరు, పోషకాలు, సూక్ష్మజీవులు నిలిచేది అక్కడే.

అమెజాన్ అడవుల్లో సారంలేని పసుపురంగు నేలల నడుమ అక్కడక్కడ నల్లటి మట్టి కనిపిస్తుంది. పేరు టెర్రా ప్రెటా. తవ్వితే బొగ్గుతోపాటు కుండపెంకులు, చేపముళ్లు దొరుకుతాయి. యూరప్ వాళ్లు అడుగుపెట్టక మునుపే అక్కడి జనం తయారుచేసుకున్న నేల అది. నేటికీ పండుతోంది. డచ్ శాస్త్రవేత్త విమ్ సోంబ్రూక్ 1966లో అమెజాన్ నేలలపై వెలువరించిన పుస్తకం శాస్త్రజ్ఞుల చూపును దానివైపు తిప్పింది. మన నల్లరేగడి కూడా ఇదే బాపతు అనుకోకండి. ఆ నలుపుకు బొగ్గుతో సంబంధం లేదు.

తెలుగునాట కూడా బొగ్గుతో నేలను బాగుచేసే పని ఎప్పుడో మొదలైంది. మెట్ట సేద్యంపై పరిశోధించే హైదరాబాద్‌లోని 'క్రీడా' సంస్థ 200 లీటర్ల నూనె డ్రమ్మునే బొగ్గు బట్టీగా మార్చింది. రైతు చేలోనే తగలబెట్టేసే పత్తికట్టె, కందికట్టెలను అందులో కాల్చి మళ్లీ అదే చేనుకు వేసుకోవచ్చు. హైదరాబాద్‌కే చెందిన డాక్టర్ ఎన్. సాయి భాస్కర్ రెడ్డి మరో దారి చూపారు: వంట అవుతూనే బొగ్గు మిగిల్చే పొయ్యిలు.

అసలు కిటుకు మాత్రం కాల్చడంలో లేదు, ఆ తర్వాత ఉంది. పచ్చి బొగ్గును నేరుగా పాదులో కలిపితే మొక్కకు అందాల్సిన నత్రజనిని ముందు అదే పట్టేసుకుంటుంది. ఆకులు పసుపెక్కుతాయి. "బయోచార్ వేశాం, ఏమీ లాభం లేదు" అనేవాళ్లలో చాలామంది చేసింది ఇదే. కాబట్టి బొగ్గును బఠానీ గింజంత ముక్కలుగా నలిపి (నలిపే ముందు తడపాలి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు), కంపోస్టులోనో, నీళ్లు కలిపిన గోమూత్రంలోనో, జీవామృతంలోనో రెండు మూడు వారాలు నాననివ్వాలి. ఆ తర్వాతే మట్టిలోకి. కుండీల్లో అయితే మట్టి పరిమాణంలో పదో వంతుకు మించనక్కర్లేదు. ఏటా వేయాల్సిన పనీ లేదు. దానిలోని కార్బన్‌లో చాలాభాగం వందల ఏళ్లు కుళ్లకుండా ఉంటుంది. గూగుల్ 2025 జనవరిలో 'వరాహ' అనే మన దేశపు కంపెనీ నుంచి బయోచార్ ద్వారా లక్ష టన్నుల కార్బన్ క్రెడిట్లు కొనేందుకు ఒప్పందం చేసుకున్నది ఈ గుణం చూసే.

బొగ్గు సొంతంగా కాల్చుకోవడానికి డ్రమ్ము లేకపోతే గొయ్యి చాలు. మోకాలి లోతున, అడుగు సన్నగా నోరు వెడల్పుగా తవ్వి, బాగా ఎండిన పుల్లలతో మంట రాజేయాలి. పై పుల్లల మీద తెల్లటి బూడిద పొర కనపడగానే మరో వరస వేయాలి. మంట పైన ఆడుతున్నంతసేపు కిందికి గాలి అందదు, అడుగున బొగ్గు బొగ్గుగానే మిగులుతుంది. చివర్లో నీళ్లు గుమ్మరించి పూర్తిగా ఆర్పాలి. సరిగా కాలిందా లేదా అన్నది చేతులే చెబుతాయి: బొగ్గు నలిపి ఉత్త నీళ్లతో కడిగితే మసి పోవాలి. సబ్బు పెడితేగానీ జిడ్డు వదలకపోతే లోపల తారు మిగిలినట్టే, మళ్లీ కాల్చాలి. ఇదంతా ఊరి బయట సొంత చెలక ఉన్నవాళ్లకు. అపార్ట్‌మెంట్ ఆవరణలో చెత్త తగలబెట్టడం చట్టరీత్యా నిషిద్ధం. అక్కడివాళ్లు కొనుక్కోవడమే మేలు.

బయోచార్ సాధారణంగా క్షార గుణం కలది. పులుపు వైపు మొగ్గే ఎర్రమట్టికి అది కలిసొస్తుంది, చౌడు నేలకు కాదు. ఇక సర్జాపురలో ఏ వీధి చివర చూసినా కట్టడాల దగ్గర ప్లైవుడ్ ముక్కలు, రంగు పూసిన చెక్కలు గుట్టలుగా పడి ఉంటాయి. ఊరికే వస్తున్నాయి కదా అని అవి మాత్రం గోతిలో వేయకండి. వాటి జిగురు, రంగుల్లోని విషాలు కూరగాయల మడిలోకి చేరతాయి.