సంతకం పెడితే సరి... బిల్లు కట్టాలి మరి!

షోరూం సర్వీసింగుతో కోనసీమ కార్ల యజమానుల కష్టసుఖాలు

అమలాపురం (మా విలేఖరి): కారు కొన్ననాడు షోరూం వాళ్ళు చేసే మర్యాద అంతా ఇంతా కాదు. దండ వేస్తారు, మిఠాయి పెడతారు, నిలువెత్తు తాళంచెవి బొమ్మ చేతికిచ్చి ఫొటో తీస్తారు. మనం ఇంటికొచ్చి కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, ఊరంతా ఒక తిప్పు తిప్పుతాం. అసలు కథ ఆ కారు సర్వీసింగుకు వెళ్ళిననాడు మొదలవుతుంది.

ఒకప్పుడు కారంటే ఊళ్ళో మోతుబరి ఇంటి ముందు నిలబడే అంబాసిడరే. అది మొరాయిస్తే చింతచెట్టు కింద మెకానిక్కు సాయంత్రానికల్లా బాగుచేసి ఇచ్చేవాడు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక రోజులు మారాయి. ఇప్పుడు అప్పుచేసి కారు కొని పెళ్ళిళ్ళకు, ఆసుపత్రులకు, అన్నవరం, ద్వారకా తిరుమల యాత్రలకు కిరాయికి తిప్పుకుని బతికే కుర్రాళ్ళు ఊరూరా ఉన్నారు. సర్వీసింగు కోసం వీరిలో చాలామంది రాజమండ్రో, కాకినాడో పోవాలి. అంటే ఒక రోజు పని, రానూపోనూ డీజిలు ముందే ఖర్చు. అంతచేసి వెళ్ళినవారికి అక్కడ జరిగేదేమిటో తెలుసుకుందామని ఈ విలేఖరి కొందరిని పలకరించాడు.

శబ్దం పోలేదు, సొమ్ము పోయింది

ముమ్మిడివరం దగ్గర ఒక గ్రామానికి చెందిన యువకుడు మూడేళ్ళుగా కిరాయి కారు నడుపుతున్నాడు. గతుకుల్లో ముందు చక్రం దగ్గర టకటకమని శబ్దం వస్తోందని కారును షోరూంలో అప్పగించాడు.

"పదకొండు రోజులుంచేశారండి. స్పేరు పార్టు రాలేదని ఒకరోజు, మెకానిక్కు సెలవని ఒకరోజు. మాఘమాసం ముహూర్తాలన్నీ వేరేవోళ్ళ బళ్ళకి పోయాయండి. బ్యాంకోళ్ళు మాత్రం ఐదో తారీఖుకి వాయిదా కోసేసుకున్నారండి" అని అతను వాపోయాడు.

తీరా తొమ్మిదివేల పైచిలుకు బిల్లు కట్టి కారు తెచ్చుకుంటే, జొన్నాడ వంతెన దాటకముందే మళ్ళీ అదే శబ్దం. వెనక్కి తిప్పుకుని వెళ్ళి నిలదీస్తే, కౌంటరులోని ఉద్యోగి ఒక కాగితం తీసి చూపించాడు. కారు అప్పగించేటప్పుడు ఇతను సంతకం పెట్టిన జాబు కార్డు అది. అందులో శబ్దం మాటే లేదు. మామూలు తనిఖీ, ఆయిలు మార్పు అని ఇంగ్లీషులో రాసి ఉంది. "రాసిన పని చేశాం, మీరు సంతకం పెట్టారు" అన్నది వారి సమాధానం.

రెండోసారి ఇతను పట్టుబట్టి, "గతుకుల్లో నెమ్మదిగా పోతుంటే ఎడమవైపు ముందు చక్రం దగ్గర శబ్దం" అని రాయించాడు. సూపర్వైజరును పక్కన కూర్చోబెట్టుకుని రెండు కిలోమీటర్లు తిప్పి శబ్దం వినిపించాడు. అరిగిపోయిన చిన్న లింకు రాడ్డు మార్చారు. గంటలో పని అయిపోయింది. ఖర్చు వందల్లోనే.

మనవాళ్ళు చాలామంది గ్రహించని సంగతి ఇదే. ఊళ్ళో మెకానిక్కుతో మాట చాలు. షోరూంలో మనం మాట్లాడేది ఒకరితో, కారు కిందకి దూరి పనిచేసేది మరొకరు. మధ్యలో నడిచేది జాబు కార్డు ఒక్కటే. అందులో ఎక్కని జబ్బుకు వైద్యం లేదు. అందులో ఎక్కిన పనికి బిల్లు తప్పదు.

ఉచితం అంటే ఎంతవరకు?

రాజోలు ప్రాంతానికి చెందిన ఒక రిటైర్డు ఉపాధ్యాయుని అనుభవం మరో రకం. మూడో ఉచిత సర్వీసుకు వెళ్ళి బిల్లు చూసి ఆయన నిర్ఘాంతపోయారు. "ఉచితమన్నారు కదా నాయనా?" అని అడిగితే "కూలి ఒక్కటే ఉచితం మాస్టారూ" అన్నారట.

ఇందులో మోసం లేదు. కంపెనీని బట్టి కొంచెం అటూఇటూగా 1,000, 5,000, 10,000 కిలోమీటర్ల దగ్గర ఇచ్చే ఉచిత సర్వీసుల్లో కూలి డబ్బు మాత్రమే తీసుకోరు. ఇంజనాయిలు, ఫిల్టర్లు మారిస్తే వాటి ఖరీదు మనదే. అలాగే వారంటీ ఉన్నా బ్రేకు ప్యాడ్లు, క్లచ్ ప్లేటు, వైపరు రబ్బర్ల వంటి అరిగిపోయే సామాను సాధారణంగా అందులోకి రాదు.

అయితే మాస్టారు అంతటితో ఊరుకోలేదు. కళ్ళజోడు పెట్టుకుని బిల్లు వరుసవరుసనా చదివారు. ఇంజను కడిగినందుకు, ఏసీ శుద్ధికి, కింది రేకుకు పూతకు డబ్బు వేసి ఉంది. "ఇవి నేను అడగలేదే" అన్నారు. జాబు కార్డు తీసి చూస్తే నిజంగానే లేవు. ఆ మూడూ కొట్టేసి బిల్లు మళ్ళీ రాసిచ్చారు. "పిల్లల పరీక్ష పేపర్లు దిద్దిన చెయ్యి, బిల్లు దిద్దడం ఎంతసేపు?" అని మాస్టారు నవ్వారు.

వరదలో మునిగిన కార్లు

2022 జూలైలో ధవళేశ్వరం వద్ద గోదావరి ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంక గ్రామాలు నీట మునిగాయి. అప్పుడు కారు మునిగిన ఒక కొబ్బరి వ్యాపారి, నీరు తీయగానే ఆత్రంకొద్దీ స్టార్టు చేశారు. ఇంజనులోకి చేరిన నీటిని పిస్టను నొక్కలేదు. కనెక్టింగు రాడ్డు వంగిపోయింది. నీట మునిగిన ఇంజనును స్టార్టు చేయడం వల్ల జరిగిన నష్టాన్ని మామూలు పాలసీ కింద చెల్లించడానికి బీమా కంపెనీలు చాలాసార్లు ఒప్పుకోవు. ఇంజను రక్షణకు విడిగా ప్రీమియం కట్టి ఉండాలి. ఈయన కట్టలేదు. బేరం తేలక కారు షోరూంలోనే పడి ఉంటే, దానికి రోజువారీ స్థలం అద్దె కూడా వేశారు.

అదే వీధిలో మరొకరు తాళం తిప్పకుండా, బ్యాటరీ తీగ ఊడదీసి, నీటి గుర్తులతో సహా ఫొటోలు తీసి, బీమా వారికి కబురుచేసి, కారును లాగించి పంపారు. బాగుచేయడానికయ్యే ఖర్చు బీమా విలువలో 75 శాతం దాటడంతో కారు పూర్తిగా నష్టపోయినట్లు లెక్కగట్టి సొమ్ము చెల్లించారు. నీరు ఒక్కటే, వీధి ఒక్కటే. తేడా అంతా మొదటి గంటలో చేసిన పనిలో ఉంది.

వారి మాటా వినాలి

తప్పంతా షోరూముదే అనడం న్యాయం కాదు. అక్కడ పనిచేసేదీ మన పల్లెల నుంచి ఐటీఐ చదివి వెళ్ళిన పిల్లలే. "ఏడాదికోసారి కూడా ఆయిలు మార్చరు. ఎక్కడో నకిలీ ఫిల్టరు వేయించి వచ్చి, ఇంజను పాడైతే వారంటీ అడుగుతారు. మేం పైవాళ్ళకేం చెప్పుకోవాలండి?" అని ఒక సర్వీసు సూపర్వైజరు ప్రశ్నించారు. సర్వీసు రికార్డు సక్రమంగా ఉన్నవారికి వారంటీ పని తేలిగ్గా అవుతుందని కూడా ఆయన అన్నారు. అది నిజమే. ప్రతి బిల్లూ దాచుకున్న అంబాజీపేట రైతు ఒకరికి స్టీరింగు భాగం ఒక్క రూపాయి తీసుకోకుండా మార్చి ఇచ్చారు.

బయట మెకానిక్కు చేతిలో పెడితే వారంటీ మొత్తం పోతుందన్న భయం చాలామందిలో ఉంది. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధిస్తూ, విడిభాగాలు బయటి మెకానిక్కులకు దొరకకుండా చేయడాన్ని తప్పుపట్టింది. బయట బాగుచేయించిన ఒక్క కారణంతో వారంటీని మొత్తంగా రద్దు చేయరాదని కూడా చెప్పింది. కంపెనీలు అప్పీళ్ళకు వెళ్ళాయి. కనుక వారంటీ ఉన్నంతకాలం పెద్ద పనికి ముందు పుస్తకంలోని షరతులు చదవడం, బయట ఏం చేయించినా బిల్లు దాచడం మంచిది.

చట్టం మన పక్షానే ఉంది

1986లో వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం స్థానంలో 2019 నాటి కొత్త చట్టం 2020 జూలై నుంచి అమలులో ఉంది. దాని ప్రకారం షోరూం ఎక్కడున్నా, మనం నివసించే జిల్లా పరిధిలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. రెండేళ్ళ లోపు ఫిర్యాదు చేయాలి. పొట్టపోసుకోవడానికి సొంతంగా కిరాయి కారు నడుపుకునేవాడు కూడా ఈ చట్టం దృష్టిలో వినియోగదారుడే. ముందుగా 1915 నంబరుకు ఫోను చేసి తెలుగులోనే గోడు చెప్పుకోవచ్చు.

అయితే ఏ కమిషన్ అయినా మొదట అడిగేది కాగితం. కాబట్టి జబ్బు మన మాటల్లోనే జాబు కార్డులో రాయించాలి. కిలోమీటర్ల రీడింగు, ఎస్టిమేటు, కారు తిరిగి ఇచ్చే తేదీ వేయించాలి. నకలు తీసుకోవాలి. మార్చిన పాత భాగాలు చూపించమనాలి. జీఎస్టీ బిల్లు లేకుండా డబ్బు కట్టరాదు.

ఇన్ని చెప్పినా ఒక చిక్కు మిగిలే ఉంది. ఈ విలేఖరి చూసిన జాబు కార్డులన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. కారు అమ్మేటప్పుడు ఊరూరా తెలుగులో కరపత్రాలు పంచినవారు, సంతకం పెట్టించుకునే కాగితం తెలుగులో ఎందుకు అచ్చువేయరు? సంబంధిత అధికారులు షోరూముల యజమానులను పిలిపించి ఈ ఏర్పాటు చేయించాలని పలువురు కోరుతున్నారు.

ఆ ఏర్పాటు జరిగేదాకా ముమ్మిడివరం కుర్రాడు తన దారి తాను చూసుకున్నాడు. ఇప్పుడు సంతకం పెట్టేముందు జాబు కార్డు ఫొటో తీసి, తొమ్మిదో తరగతి చదివే మేనకోడలికి ఫోనులో పంపుతున్నాడు. ఆ పిల్ల చదివి "సరే మావయ్యా, పెట్టు" అన్నాకే కలం తీస్తున్నాడు.